ఏఎల్‌ఎస్ వచ్చిన ఇంట్లో ఏది ముందు: కొత్త మందా, ట్రయలా, బైపాప్ మెషినా

రెండేళ్ల కిందట మా మేనత్త కొడుకు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రెండు కాగితాలు పంపాడు. ఒకటి స్టెమ్ సెల్ చికిత్స ప్యాకేజీ. రెండోది బైపాప్ మెషిన్ (మాస్కు ద్వారా ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టేది) కొటేషన్. మొదటి కాగితంలో ఉన్న డబ్బుతో రెండో కాగితంలోని మెషిన్లు అరడజను కొనొచ్చు. కింద ఒకే లైను: "బావా, రెండూ అంటే మావల్ల కాదు. ఏది చేయించమంటావు?" మామయ్యకు ఏఎల్‌ఎస్, అంటే కండరాలను కదిలించే నరాలు చచ్చుబడే జబ్బు, అని చెప్పి అప్పటికి నాలుగు నెలలు.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో మందుల ట్రయల్స్ కాగితాలు చూసే ఉద్యోగం నాది. ఏ ట్రయల్లో ఏం తేలిందో, కంపెనీ ప్రకటనలో ఏ మాట ఎందుకు పడిందో చదవడం అలవాటు. ఆ రాత్రి వాడికి నేనిచ్చిన జవాబు చిన్నదే: బైపాప్ కొను, ఆ స్టెమ్ సెల్ కాగితం చించెయ్. ఎందుకో చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అదే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను, ఈమధ్య వచ్చిన మందుల సంగతులూ కలిపి. ఇందులో ఏ మందునైనా మొదలుపెట్టాలన్నా ఆపాలన్నా మీ న్యూరాలజిస్టుతో మాట్లాడాకే.

ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి

వెనకాడకుండా పెట్టాల్సిన మొదటి ఖర్చు రెండో న్యూరాలజిస్టు ఫీజు. మన రిపోర్టుల్లో దీన్ని ఎక్కువగా ఎంఎన్‌డీ, అంటే మోటార్ న్యూరాన్ డిసీజ్ అని రాస్తారు. కండరాలను కదిలించే నరకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ ఒక్కొక్కటిగా చనిపోతూ వస్తాయి. చెయ్యి సన్నబడుతుంది, కండ అదురుతుంది, మాట ముద్దగా వస్తుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. స్పర్శ మాత్రం మామూలుగానే ఉంటుంది. ఇదీ అని ఒక్క దెబ్బకు తేల్చే రక్తపరీక్ష లేదు. ఈఎంజీ (కండరాల్లో కరెంటు కొలిచే పరీక్ష), నర్వ్ కండక్షన్, మెడ ఎంఆర్‌ఐ, అన్నిటికీ మించి డాక్టరు చేత్తో చేసే పరీక్ష, ఇవన్నీ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

ఏఎల్‌ఎస్‌లా కనిపించి కాకుండా పోయేవి కొన్ని ఉన్నాయి. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి ఐవీఐజీకి (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) లొంగుతుంది, అంటే వైద్యం ఉన్న జబ్బు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఒక్క చెయ్యే సన్నబడుతుంటే అది హిరయామా జబ్బు కావచ్చు. మెడ వంచి తీసే ఎంఆర్‌ఐలో అది బయటపడుతుంది, కొన్నేళ్లు ముదిరి ఆగిపోతుంది. మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కినా దాదాపు ఇవే లక్షణాలు రావచ్చు. దక్షిణాదిలోనే ఎక్కువగా కనిపించే మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అని ఒకటుంది, 1970లో మొదట వర్ణించారు. చిన్న వయసులో మొదలవుతుంది, వినికిడి తగ్గుతుంది, ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు ముప్పై ఏళ్లలో చూసిన 1,153 మంది రోగుల లెక్కలు 2008లో ప్రచురించారు. జబ్బు మొదలైన సగటు వయసు 46 దగ్గర తేలింది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో అది అరవై చుట్టుపక్కల ఉంటుంది. అందుకే ఇంటర్నెట్‌లో ఇంగ్లిష్‌లో చదివిన "రెండు నుంచి అయిదేళ్లు" అనే మాటను ఎత్తి మీ ఇంట్లో మనిషి మీద పెట్టేయకండి.

రెండో ఖర్చు జీన్ టెస్ట్. ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేకపోయినా చేయించండి. పదిమందిలో ఒకరికి మాత్రమే కుటుంబంలో ఈ జబ్బు కనిపిస్తుంది, కానీ మిగతావాళ్లలోనూ కొందరికి జన్యు లోపం దొరుకుతుంది. చిన్న వయసులో వచ్చే కొన్ని రకాలు అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండువైపులా వస్తేనే బయటపడతాయి. మేనరికం పెళ్లి అయితే ఆ ముక్క డాక్టరుకు తప్పక చెప్పండి, చాలామంది సిగ్గుపడి దాస్తారు. రిపోర్టు వచ్చాక అది మీ ఒక్కరి విషయం కాదు, పిల్లల విషయం కూడా. అందుకే కౌన్సెలింగ్ లేకుండా రక్తం ఇవ్వొద్దు.

నాలుగు మందులు పక్కపక్కన పెడితే

రిలుజోల్ పాతది, 1995లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. 50 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు రెండుసార్లు. ట్రయల్స్ ప్రకారం ఆయుష్షు సుమారు రెండు మూడు నెలలు పెరుగుతుంది. ఇది విని మావాడు "ఇంతేనా" అన్నాడు. ఇంతే. పైగా వేసుకుంటే చేతికి బలం వచ్చినట్టు, నడక బాగుపడినట్టు అనిపించదు. అది తెలియక రెండు నెలలు వాడి "పనిచేయట్లేదు" అని ఆపేసినవాళ్లు ఉన్నారు. అయినా నా లెక్కలో ఇది మొదటి వరుసలో ఉండాల్సిన మందే. జనరిక్ దొరుకుతుంది, ముప్పై ఏళ్ల వాడకం ఉంది, ఒకటికి మించిన ట్రయల్స్‌లో నిలబడింది. తిండికి గంట ముందు గానీ రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి, కొవ్వు ఎక్కువున్న తిండితో కలిస్తే ఒంటికి తక్కువ పడుతుంది. మొదటి మూడు నెలలు నెలనెలా లివర్ పరీక్ష చేయించాలి.

ఎడరవోన్ దగ్గరే అసలు చిక్కు. జపాన్‌లో 2015లో, అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. రోజూ గంటసేపు సెలైన్‌లో 60 మిల్లీగ్రాములు ఎక్కించాలి. మొదటి విడత 14 రోజులు వరసగా, తర్వాత 14 రోజులు విరామం. ఆ తర్వాత ప్రతి విడతలో రెండు వారాల్లో పది రోజులు మందు, మళ్లీ రెండు వారాలు విరామం. మన దేశంలో ఈ మందు పక్షవాతానికి ఎప్పటినుంచో వాడుతున్నారు కాబట్టి జనరిక్ వయల్స్ సులభంగా దొరుకుతాయి. అందుకే డాక్టర్లు రాయడమూ ఎక్కువే.

అది ఎంత పనిచేస్తుంది? మొదట అన్నిరకాల రోగుల మీద చేసిన ట్రయల్లో ఏమీ తేలలేదు. ఎవరిలో కాస్త తేడా కనిపించిందో వెనక్కి చూసి, అలాంటివాళ్లనే ఏరి 137 మందితో ఇంకో ట్రయల్ చేశారు: జబ్బు వచ్చి రెండేళ్లు దాటనివాళ్లు, ఊపిరి సామర్థ్యం 80 శాతానికి తగ్గనివాళ్లు, అన్ని పనులూ ఎంతోకొంత సొంతంగా చేసుకోగలిగేవాళ్లు. ఏఎల్‌ఎస్ ముదిరిన తీరును 48 మార్కుల స్కేలు మీద కొలుస్తారు. 24 వారాల్లో మందు వేసుకున్నవాళ్లు సుమారు 5 మార్కులు, ఉత్తుత్తి మందు (పోల్చి చూడటానికి ఇచ్చే, అసలు మందు లేనిది) వేసుకున్నవాళ్లు ఏడున్నర మార్కులు కోల్పోయారు. తేడా రెండున్నర మార్కులు. ఆ తర్వాత జర్మనీ క్లినిక్‌లలో వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పోల్చి 2022లో ప్రచురించిన పరిశీలనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికా బీమా రికార్డుల మీద జరిగిన మరో పరిశీలన ఉపయోగం ఉందంది, దానికి డబ్బు పెట్టింది మందు కంపెనీయే. ఎడరవోన్‌నే నోటి మందుగా వేరే కంపెనీ ఒకటి ఐరోపాలో దాదాపు 300 మంది మీద పరీక్షిస్తే 2024 మొదట్లో అది విఫలమైంది.

మామయ్యకు ఎడరవోన్ ఆరు నెలలు వేయించారు. ఆసుపత్రికి ఆటోలో పోవడం, నరం దొరక్క మూడుసార్లు గుచ్చడం, అత్తయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని గంటసేపు బయట కూర్చోవడం. ఆరో నెలలో మామయ్యే "ఇక చాలురా" అన్నారు. నా సలహా అడిగితే: జబ్బు ఇంకా తొలి దశలో ఉండి, ఊపిరి బాగుండి, ఇంటికే వచ్చి ఎక్కించే నర్సు దొరికి, ఆ ఖర్చు వల్ల మిగతావి ఆగిపోకుండా ఉంటే ఆరు నెలలు చూడొచ్చు. ఆ నాలుగిట్లో ఏది లేకపోయినా వదిలేసినందుకు బాధపడక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి, ఇందులో కలిపే సల్ఫైట్ కొందరికి పడదు.

మిథైల్‌కోబాలమిన్ సంగతి మనవాళ్లకు తప్పకుండా తెలియాలి. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే ప్రతి ఊళ్లో వేసే "నరాల ఇంజెక్షన్" అదే. జపాన్‌లో తొలి దశ ఏఎల్‌ఎస్ ఉన్న 130 మందికి దీన్ని 50 మిల్లీగ్రాముల చొప్పున వారానికి రెండుసార్లు కండకు ఇచ్చి చూశారు. 16 వారాల్లో జబ్బు ముదరడం సుమారు రెండు మార్కుల మేర తగ్గింది. ఫలితాలు 2022లో వచ్చాయి, 2024లో జపాన్ ప్రభుత్వం అనుమతించింది. ఇది చదివిన మా బంధువొకాయన "మన ఆర్‌ఎంపీ రోజూ వేసేదే కదా" అన్నారు. కాదు. మన దగ్గర మామూలుగా దొరికే ఆంప్యూల్ 1,500 మైక్రోగ్రాములు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము. ట్రయల్లోని ఒక్క డోసుకు అలాంటివి ముప్పై మూడు కావాలి. అన్ని కలిపి కండలోకి గుచ్చడం కుదరదు, ఎవరైనా గుచ్చుతామంటే ఒప్పుకోకండి. మామూలు ఇంజెక్షన్ వేయించుకుంటే నష్టం పెద్దగా లేదు గానీ, అది ఏఎల్‌ఎస్ వైద్యం అనుకుంటే మాత్రం పొరపాటు.

నాలుగోది టోఫెర్సెన్. ఎస్‌ఓడీ1 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్లకు మాత్రమే. మొత్తం రోగుల్లో వీళ్లు సుమారు రెండు శాతం. ఆ జన్యువుకూ ఏఎల్‌ఎస్‌కూ ముడి ఉందని తెలిసింది 1993లో, మందు వచ్చింది 2023లో, మధ్యలో ముప్పై ఏళ్లు. వెన్నులో సూదితో 100 మిల్లీగ్రాములు ఇస్తారు. మొదట రెండు వారాలకొకటి చొప్పున మూడు డోసులు, తర్వాత 28 రోజులకొకటి. 108 మందితో 28 వారాలు చేసిన ట్రయల్ నిజానికి తన ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. కానీ నరాలు ఎంత దెబ్బతింటున్నాయో చెప్పే న్యూరోఫిలమెంట్ అనే పదార్థం రక్తంలో సగానికి పైగా పడిపోయింది. ఏడాది గడిచాక చూస్తే ముందు మొదలుపెట్టినవాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. ఆ ఆధారంతోనే ఎఫ్‌డీఏ షరతులతో అనుమతించింది, 2024లో ఐరోపా కూడా. వెన్నుపాము వాపు లాంటి తీవ్రమైన ఇబ్బందులు కొందరికి వచ్చాయి. అమెరికా ధరల్లో ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. జీన్ టెస్ట్‌లో ఎస్‌ఓడీ1 అని వస్తే మాత్రం నా మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టి దీని వెంట పడండి: పెద్దాసుపత్రి న్యూరాలజీ విభాగం ద్వారా కంపెనీకి రాయడం, వ్యక్తిగత వాడకానికి మందు దిగుమతి చేసుకునే 12ఎ ఫారం. జబ్బు ఇంకా బయటపడని ఎస్‌ఓడీ1 వాళ్లకు ముందుగానే ఇచ్చి చూసే అట్లాస్ అనే ట్రయల్ కూడా ఉంది. ఎఫ్‌యూఎస్ అనే మరో జన్యువుకు ఇదే పద్ధతిలో చేసిన ఉలెఫ్‌నెర్సెన్ మందు 12 మందికి ఇచ్చిన ఫలితాలు 2025లో వచ్చాయి. కుర్ర వయసులో వేగంగా ముదిరే రకం అది. అందరికీ కాకపోయినా ఒకరిద్దరిలో వచ్చిన మార్పు ఆశ్చర్యపడేంత ఉంది.

కొత్త మందు అనగానే ఎగిరి గంతేయకుండా

రెలివ్రియో అనే పొడి కథ వింటే కొత్తదంటే మంచిదనే భ్రమ కొంత తగ్గుతుంది. 137 మందితో చేసిన ట్రయల్ బాగుందని 2022 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ అనుమతించింది. ఏడాదికి లక్షా 58 వేల డాలర్ల ధర పెట్టారు. తర్వాత 664 మందితో పెద్ద ట్రయల్ చేస్తే 2024 మార్చిలో తేలింది: ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా లేదు. ఏప్రిల్‌లో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది, ఆ మాటకు మెచ్చుకోవాలి. అందులోని ఒక భాగమైన టుడ్కాను విడిగా ఐరోపాలో పరీక్షిస్తే అదీ విఫలమే. కానీ టుడ్కా సప్లిమెంటుగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పాత వీడియోలు చూసి ఇప్పటికీ కొంటున్న కుటుంబాలు నాకు తెలుసు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2008లో ఇటలీలో కొద్దిమంది మీద లిథియం బ్రహ్మాండంగా పనిచేసిందన్నారు, ప్రపంచమంతా వేసుకున్నారు, పెద్ద ట్రయల్స్‌లో తేలిపోయింది. డెక్స్‌ప్రామిపెక్సోల్ 943 మందితో 2013లో పోయింది. నా ఉద్యోగంలో నేర్చుకున్న ఒక్క సూత్రం: ట్రయల్ చిన్నదయ్యేకొద్దీ శుభవార్తను సగానికి తగ్గించి వినాలి.

స్టెమ్ సెల్ ప్యాకేజీకీ ట్రయల్‌కీ తేడా ఏమిటంటే

మా మేనత్త కొడుకు పంపిన ప్యాకేజీ కాగితంలో "క్లినికల్ ట్రయల్" అనే మాట రెండుచోట్ల ఉంది. అదే నన్ను పట్టేసింది. ట్రయల్ అయితే డబ్బెందుకు అడుగుతున్నారు?

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, స్టెమ్ సెల్స్ ఇవ్వడం ఆమోదించిన ట్రయల్ లోపలే జరగాలి. దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ ఏదైనా సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి. ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. మావాడు కాగితంలోని పేరు వేసి వెతికాడు, ఏమీ రాలేదు. ఆ సెంటర్‌కు ఫోన్ చేసి నంబరు అడిగితే "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అన్నారు. ఆ మీటింగ్ ఇప్పటిదాకా అయిపోలేదు.

పద్ధతిగా చేసిన స్టెమ్ సెల్ ట్రయల్స్ సంగతి కూడా చూద్దాం. అన్నిటికంటే ముందుకెళ్లిన నూర్‌ఓన్ 2020లో మూడో దశ ట్రయల్లో లక్ష్యాన్ని అందుకోలేదు. రోగుల సంఘాలు గట్టిగా పట్టుబట్టడంతో 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ నిపుణుల ముందుకొచ్చింది. ఆధారాలు చాలవని 17 మంది, చాలతాయని ఒక్కరు ఓటు వేశారు. లక్షలు పోసి ఎంత మంచి ల్యాబ్‌లో చేసినా ఇప్పటికి ఉన్న స్థితి అది. డబ్బు పోవడం ఒకటే నష్టం కాదు. ఒకసారి ఎక్కడో స్టెమ్ సెల్స్ ఎక్కించుకుంటే తర్వాత వచ్చే నిజమైన ట్రయల్స్ చాలావాటిలో చేర్చుకోరు.

నిజమైన ట్రయల్‌ను ఎలా గుర్తుపట్టాలి? డబ్బు అడగరు. సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారు, ఇవ్వకపోతే అడిగే హక్కు మీది. 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారమూ ఇవ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు. ఉత్తుత్తి మందు పడే అవకాశం ఎంతో ముందే చెప్తారు. ఆ ఒక్కదానికే చాలామంది వెనకడుగు వేస్తారు, అది సహజమే. అమెరికాలో 2020లో మొదలైన హీలీ ప్లాట్‌ఫామ్ ట్రయల్‌లో దానికో ఉపాయం చేశారు. అనేక మందులను ఒకే గొడుగు కింద పరీక్షిస్తారు, ఉత్తుత్తి మందు గుంపు అందరికీ ఉమ్మడి, కాబట్టి ప్రతి నలుగురిలో ముగ్గురికి అసలు మందే పడుతుంది. అలా పరీక్షించిన మొదటి అయిదు మందుల్లో ఒక్కటీ ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. నిరాశగా ఉంటుంది. కానీ పాత పద్ధతిలో ఆ అయిదింటి సంగతి తేలడానికి పట్టే కాలం వేరు.

ట్రయల్స్ చాలావాటికి జబ్బు కొత్తగా వచ్చినవాళ్లు, ఊపిరి బాగున్నవాళ్లే కావాలి. కాబట్టి ట్రయల్ ఆలోచన ఉంటే జబ్బు తేలిన మొదటి నెలల్లోనే అడగాలి, అన్నీ అయ్యాక చివరి ప్రయత్నంగా కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు "నాన్నను ఇక్కడికి తెచ్చి ట్రయల్‌లో పెడదామా" అని అడుగుతుంటారు. అక్కడ ఉద్యోగం చేసి సోషల్ సెక్యూరిటీ కట్టినవాళ్లకు ఏఎల్‌ఎస్ వస్తే వైకల్య భృతితో పాటే మెడికేర్ మొదలవుతుంది, మామూలుగా ఉండే రెండేళ్ల నిరీక్షణ లేదు. విజిటర్ వీసా మీద వెళ్లిన తండ్రికి అది వర్తించదు. ట్రయల్ మందు ఉచితమే అయినా పొలమారి న్యుమోనియా వస్తే ఆ బిల్లు ఎవరు కడతారో ముందు లెక్క వేసుకోండి.

ఊపిరి: ఆక్సిజన్ కాదు, బైపాప్

ఇప్పుడు ఆ మొదటి రాత్రి చెప్పిన జవాబుకు వస్తున్నాను. ఈ జబ్బులో ప్రాణం పోయేది ఎక్కువగా ఊపిరి కండరాలు అలిసిపోవడం వల్లే. ఇంగ్లండ్‌లో 2006లో ప్రచురించిన ట్రయల్‌లో మాస్కు ద్వారా గాలి నెట్టే మెషిన్ ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పోల్చారు. నోరు, గొంతు కండరాలు మరీ పాడవనివాళ్లలో ఆయుష్షు మధ్యస్థ లెక్కలో (మీడియన్) 205 రోజులు పెరిగింది, నిద్రా బతుకూ మెరుగయ్యాయి. రిలుజోల్ ఇచ్చే రెండు మూడు నెలల పక్కన ఈ 205 రోజులు పెట్టి చూడండి.  కానీ బైపాప్ గురించి ఎవరూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయరు.

పొద్దున్నే తలనొప్పి, పగలు కునుకు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, ఇవి మొదటి సూచనలు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 97 చూపిస్తోందని నిశ్చింతగా ఉండకండి. ఈ జబ్బులో ముందు పెరిగేది లోపల కార్బన్ డయాక్సైడ్, అది ఆక్సీమీటర్‌కు కనిపించదు. మూడు నెలలకోసారి కూర్చోబెట్టీ, పడుకోబెట్టీ ఊపిరి పరీక్ష చేయించాలి. అది 50 శాతానికి పడిపోయేదాకా ఆగక్కర్లేదు, లక్షణాలుంటే ముందే మొదలుపెట్టొచ్చు.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఆయాసం అనగానే ఆక్సిజన్ సిలిండరో కాన్సంట్రేటరో తెచ్చి పెట్టడం. ఊపిరితిత్తుల్లో లోపం లేదు, వాటిని కదిపే కండరాల్లో ఉంది. ఉత్త ఆక్సిజన్ ఇస్తే ఊపిరి ఇంకా మందగించి కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారే ప్రమాదం ఉంది. అలాగే సీప్యాప్ వేరు, బైపాప్ వేరు. మాకు ఒక షాపులో తక్కువ ధరకని సీప్యాప్ అంటగట్టారు, అది గురకకు వాడేది. తిరిగి మార్చుకోవడానికి పది రోజులు పోయాయి. కొత్త మెషిన్ కొనేముందు అద్దెకు తెచ్చి రెండు వారాలు చూడండి, మాస్కు మాత్రం మొహానికి సరిపోయేది కొత్తదే కొనండి. కరెంటు పోతే నడిచే బ్యాటరీ లేదా ఇన్వర్టర్ లేకుండా మెషిన్ ఇంటికి తేవద్దు. కఫం తీసే సక్షన్ మెషిన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఒక అంబు బ్యాగ్ పక్కనే ఉండాలి. డయాఫ్రమ్‌కు, అంటే ఊపిరి తీయించే ముఖ్యమైన కండరానికి, కరెంటు పెట్టే పేస్‌మేకర్ ఉందని ఎవరైనా చెప్తే, 2015లో ఇంగ్లండ్ ట్రయల్‌లో అది పెట్టినవాళ్లే ముందు చనిపోయారని చెప్పండి.

తిండి: రైల్స్ ట్యూబా, పెగ్గా

ముక్కులో వేసే రైల్స్ ట్యూబ్ కొద్ది రోజులకు. నెలల తరబడి అయితే పొట్టలోకి నేరుగా పెట్టే పెగ్ ట్యూబే నయం. అది పెట్టాలంటే ఊపిరి ఇంకా కొంత బాగుండాలి, 50 శాతం కంటే కిందికి పోకముందే అని చాలా క్లినిక్‌ల లెక్క. బరువు అయిదు శాతం తగ్గేసరికే ఆ మాట మొదలుపెట్టాలి. "నోటితో తింటున్నారు కదా, ఇప్పుడే ఎందుకు" అని మా ఇంట్లో రెండు నెలలు వాయిదా వేశారు. ఆ రెండు నెలల్లో మామయ్య ఏడు కిలోలు తగ్గారు. పెగ్ పెట్టాక కూడా రుచికి కాస్త మెత్తని పెరుగన్నం నోటితో పెట్టొచ్చు, గొంతు అనుమతిస్తే. నీళ్ల కంటే జావ చిక్కదనం ఉన్నవి తక్కువ పొలమారతాయి. షుగర్, కొలెస్ట్రాల్ అని నెయ్యి మాన్పించే డైట్ చార్టులు ఈ జబ్బుకు నప్పవు, ఇక్కడ బరువు తగ్గడమే శత్రువు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి.

ఇవన్నీ ఒకే చోట చూసే క్లినిక్, అంటే న్యూరాలజిస్టు, ఊపిరి డాక్టరు, ఫిజియో, ఆహార నిపుణులు, మాట నేర్పేవాళ్లు కలిసి కూర్చునేది, దొరికితే దూరమైనా వెళ్లండి. ఐర్లండ్‌లో 2003లో వేసిన లెక్కలో అలాంటి క్లినిక్‌కు వెళ్లినవాళ్లు మామూలు న్యూరాలజీకి వెళ్లినవాళ్ల కంటే మధ్యస్థంగా ఏడున్నర నెలలు ఎక్కువ బతికారు.

మాట పోయాక

2024లో కాలిఫోర్నియాలో ఏఎల్‌ఎస్ ఉన్న 45 ఏళ్ల వ్యక్తి మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి, ఆయన అనాలనుకున్న మాటలను కంప్యూటర్‌తో పలికించారు. లక్షా పాతిక వేల ఇంగ్లిష్ మాటల్లోంచి 97 శాతానికి పైగా సరిగ్గా పట్టుకుంది. నేను ఆ వీడియో మూడుసార్లు చూశాను. మనకు అందేలోపు మాత్రం అట్టముక్కే దిక్కు.

తెలుగు అక్షరాల అట్ట తయారుచేయడానికి మన వర్ణమాల భలే కుదురుతుంది. ఒక వరసలో అచ్చులు, తర్వాత క, చ, ట, త, ప వర్గాలు ఒక్కో వరస, చివర య నుంచి క్ష దాకా. పక్కనున్నవాళ్లు వరసల మీద వేలు జరుపుతూ పోతారు, కావలసిన వరస రాగానే మనిషి కన్ను మూస్తారు, తర్వాత వరసలో అక్షరం, తర్వాత గుణింతం. ఒత్తులు వదిలేయొచ్చు, ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. మామయ్య మొదటిసారి గట్టిగా కూర్చుని అయిదు నిమిషాల్లో చెప్పిన మాట "ఫాను". మేమంతా ఏదో పెద్ద మాట వస్తుందని చుట్టూ నిలబడి గాలి ఆడకుండా చేశాం. మాట ఇంకా ఉన్నప్పుడే గొంతు రికార్డు చేసి పెట్టుకోండి, మనవల పేర్లు, ఊరి పేరు, "అన్నం తిన్నావా" లాంటివి.

గొంతుకు రంధ్రం: ఒప్పుకోవాలా వద్దా

ట్రకియాస్టమీ చేసి వెంటిలేటర్ పెడితే ఏళ్ల తరబడి బతకొచ్చు. జపాన్‌లో చాలామంది పెట్టించుకుంటారు, ఐరోపాలో తక్కువ. మన దగ్గర ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలి, కఫం తీయడం వచ్చి ఉండాలి, కరెంటు నమ్మకంగా ఉండాలి. జబ్బు మాత్రం ఆగదు. పెట్టకపోవడం కూడా ఒక ఎంపికే. అప్పుడు ఆయాసానికి, భయానికి మందులు ఇచ్చి నెమ్మదిగా ఉంచే పాలియేటివ్ డాక్టరు ముందే కుదిరి ఉండాలి.

తేడా ఎక్కడొస్తుందంటే, నిర్ణయం లేకపోతే అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఎవరో కొత్త డాక్టరు ట్యూబ్ వేసేస్తారు. తర్వాత తీయడం అంత తేలిక కాదు. సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌కు, అంటే చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రానికి, చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతి సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. మామయ్య చేత్తో పెన్ను పట్టుకోగలిగినప్పుడే రాశారు: బైపాప్ వరకు సరే, గొంతుకు రంధ్రం వద్దు. ఒక నకలు ఆసుపత్రి ఫైల్లో, ఒకటి మావాడి ఫోన్లో, ఇంకొకటి బైపాప్ మెషిన్ పక్కనున్న మేకుకు ప్లాస్టిక్ కవర్లో వేలాడదీశారు. అంబులెన్స్ వాళ్లు వస్తే ముందు కనపడేది అదే.